ఓల్టేజీ వీధిది, సైకిల్సు గ్రిడ్డువి: బెజవాడ రేడియో బల్లల జ్ఞాపకాలు

గవర్నర్‌పేట సందుల్లో, ఏలూరు రోడ్డు మేడమెట్ల కింద, వన్‌టౌన్‌లో బట్టల కొట్ల మధ్య ఇరుక్కుని ఒకప్పుడు ఎన్ని రేడియో రిపేరు బల్లలు ఉండేవో! బల్ల మీద ఒక మీటరు, సిరీస్‌లో పెట్టిన నూరు వాట్ల బల్బు, పొద్దుటి నుంచి చల్లారని సోల్డరింగ్ ఐరన్, మూత తీసిన నాలుగైదు సెట్లు. సెట్టు ఏ కంపెనీదైనా సరే, వాల్వులదైనా ట్రాన్సిస్టర్లదైనా సరే, చెయ్యి తిరిగిన మెకానిక్కు ముందు చూసేది రెండే చోట్లు. కరెంటు లోపలికొచ్చి ఓల్టేజీ మారే చోటు ఒకటి, స్టేషన్ లోపలికొచ్చి ఫ్రీక్వెన్సీ మారే చోటు రెండోది. ఆ రెండు మార్పులూ సవ్యంగా జరుగుతుంటే మిగతా సెట్టు చిన్నాచితకా లోపాలున్నా పాడేస్తుంది.

ఓల్టేజీ మార్చడం తేలిక. ఇనప రేకులు, ఎనామిల్ వైరు ఉంటే చాలు. ఫ్రీక్వెన్సీ అలా మారదు. ట్రాన్స్‌ఫార్మర్‌లోకి 50 సైకిల్సు, అంటే సెకనుకు 50 ఊపులు, పోతే బయటికీ 50 సైకిల్సే వస్తాయి, ఎన్ని చుట్లు చుట్టినా అంతే. దాన్ని మార్చాలంటే సొంతంగా ఊగే సర్క్యూట్, అంటే ఆసిలేటరు, ఒకటి కావాలి. ఈ తేడా తెలిసిన బల్ల మీద సామాను బతికింది, తెలియని చోట కాలింది. ఆనాటి పనితనంలో ఎక్కువ భాగం ఈ ఒక్క తేడా చుట్టూనే తిరిగింది.

వాల్వు సెట్లలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నవి ఖరీదైనవి. చవక సెట్లలో అది ఉండేది కాదు. యు.సి.హెచ్. 81, యు.బి.ఎఫ్. 89, యు.సి.ఎల్. 82, యు.వై. 85 వాల్వుల హీటర్లన్నీ ఒకే వరసలో, కరెంటు 100 మిల్లీ ఆంపియర్లు. వాటి ఓల్టేజీలు 19, 19, 50, 38 కలిపితే 126. మెయిన్స్ 230 కాబట్టి మిగిలిన 104 ఓల్టుల్ని డ్రాపర్ రెసిస్టెన్సు మింగాలి. 104ని 0.1తో భాగిస్తే 1040 ఓమ్‌లు. వేడి పది వాట్ల పైమాటే, అందుకే ఆ సెట్ల వెనకచెక్క ఒక మూల నల్లబడి ఉండేది. ఒక్క హీటరు తెగినా పెళ్లిపందిరి సీరియల్ బల్బుల్లా మొత్తం ఆరిపోయేది. డ్రాపర్ తెగినా అదే తీరు. మీటరుతో ఒక్కో వాల్వు హీటరు కాళ్లు చూసుకుంటూ పోతే దొరుకుతుంది, తొందరపడి వాల్వులు కొనక్కర్లేదు.

ఆ సెట్లకు ఉన్న పెద్ద ప్రమాదం చాసిస్, అంటే భాగాలన్నీ బిగించే ఇనప చట్రం. ప్లగ్గు తిరగేసి పెడితే చాసిస్ మొత్తం ఫేజు. ముందు నియాన్ టెస్టరుతో చాసిస్ స్క్రూ తాకి చూడటం, వెలిగితే ప్లగ్గు తిప్పి పెట్టడం, ఆ తర్వాతే చెయ్యి లోపలికి. నాబ్ లోపల ఉండే చిన్న స్క్రూ తల మీద మైనం నింపడం కూడా తప్పనిసరి పనే, ఆ స్క్రూ నేరుగా చాసిస్‌తో కలిసి ఉంటుంది మరి. ఏళ్ల తరబడి అటక మీద పడి ఉన్న సెట్టుకు నేరుగా కరెంటు ఇచ్చేవాళ్లు కాదు. సిరీస్ బల్బు ద్వారా ఇస్తే బల్బు మొదట వెలిగి, ఫిల్టర్ కండెన్సర్లు నిండేకొద్దీ మందగించాలి. మందగించకుండా వెలుగుతూనే ఉందంటే ఆ ఎలక్ట్రోలైటిక్ కండెన్సరు షార్టయిందని అర్థం. ఆ సెట్టును అలాగే నడిపిస్తే ముందు పోయేది రెక్టిఫయర్ వాల్వు.

ఇక రెండో మార్పు. విజయవాడ స్టేషన్ 837 కిలోహెర్ట్జ్. 1948 డిసెంబరు 1న మొదలైన కేంద్రం, పున్నమ్మతోట స్టూడియోల నుంచి ఈ జిల్లాలన్నిటికీ తెల్లవారుఝామున భక్తిరంజని వినిపించిన కేంద్రం. ముల్లు 837 మీద పెడితే సెట్టులోని లోకల్ ఆసిలేటరు 837 మీద ఆడదు, దానికన్నా 455 ఎక్కువగా, అంటే 1292 మీద ఆడుతుంది. రెండూ కలిసిన చోట తేడా 455 బయటికొస్తుంది. హైదరాబాదు 738 పెడితే ఆసిలేటరు 1193కి దిగుతుంది, తేడా మళ్లీ 455. ఏ స్టేషనైనా అదే 455గా మారుతుంది కాబట్టి ఆ తర్వాతి ఐ.ఎఫ్. (మధ్యస్థ ఫ్రీక్వెన్సీ) ట్రాన్స్‌ఫార్మర్లు, అంటే ఐ.ఎఫ్.టి.లన్నీ ఒక్క ఫ్రీక్వెన్సీకే ట్యూన్ చేసి వదిలేయొచ్చు. రేడియోకి పదునైన చెవి వచ్చింది ఈ ఏర్పాటు వల్లే.

సెట్టు తెచ్చినవాళ్లు చెప్పే మాట దాదాపు ఒకటే.

"రాత్రి దాకా బాగానే పాడిందండీ. పొద్దున పెడితే సుయ్యిమంటోంది తప్ప స్టేషను రావట్లేదు."

"స్టేషన్లన్నీ పోయాయాండీ, ఒకవైపే పోయాయా?"

ఈ ప్రశ్నలోనే సగం రిపేరు ఉంది. ఎక్కడా ఏదీ రాకుండా గాలి శబ్దం మాత్రం వస్తుంటే ఆంప్లిఫయర్ బతికే ఉంది, ఆసిలేటరు ఆగింది. 1000కి పైన స్టేషన్లు వచ్చి, 738 దగ్గరికి వచ్చేసరికి టక్కున ఆగిపోతే ఆసిలేటరు నీరసపడింది. మీడియం వేవ్‌లో నీరసం ముందు కనపడేది కింది కొసలోనే, స్టేషన్లు మార్చే రేకుల కండెన్సరు, అంటే గ్యాంగు, పూర్తిగా మూసుకుంటున్న వైపు. వాల్వు సెట్లో ఎమిషన్ (ఎలక్ట్రాన్లు వదిలే సత్తా) తగ్గిన ఇ.సి.హెచ్. 81, ట్రాన్సిస్టర్ సెట్లో సెల్లు అయిపోవడం, పాత ఎ.ఎఫ్. 116 గానీ బి.ఎఫ్. 194 గానీ గెయిన్ (సిగ్నల్ పెంచే బలం) తగ్గడం దీనికి మామూలు కారణాలు. పంచాయతీ రేడియోల్లో ఇది రోజూ కనపడేది. అవి డి.కె. 96 వరస బ్యాటరీ వాల్వులు, ఫిలమెంటుకు 1.4 ఓల్టులు, ప్లేటుకు 90 ఓల్టుల పొడి బ్యాటరీ. బ్యాటరీ దిగేకొద్దీ ముందు చచ్చేది ఆసిలేటరే. ఊళ్లో సెట్టు పాడైందనుకునేవాళ్లు, బ్యాటరీ మారిస్తే మళ్లీ పాడేది.

ఆసిలేటరు ఆడుతోందో లేదో తేల్చడానికి సిగ్నల్ జనరేటర్లు, స్కోపులు ఎన్ని బల్లల మీద ఉంటాయి? ఇంకో మంచి రేడియో ఉంటే చాలు. అనుమానమున్న సెట్టును 837 మీద పెట్టి, మంచి రేడియోను దాని పక్కన ఆనించి 1292 దగ్గర మెల్లగా తిప్పాలి. ఆసిలేటరు ఆడుతుంటే అక్కడ గాలి శబ్దం ఒక్కసారిగా అణిగి నిశ్శబ్దం అవుతుంది. దగ్గర్లో ఏదైనా స్టేషన్ ఉంటే ఈల వినపడుతుంది. అనుమానపు సెట్టు ముల్లు కాస్త జరిపితే ఆ నిశ్శబ్దం కూడా జరగాలి. జరిగితే ఆసిలేటరు బాగుంది, జబ్బు ముందర ఫెర్రైట్ రాడ్ కాయిల్లోనో వెనక ఐ.ఎఫ్.లోనో ఉంది. ఎక్కడ తిప్పినా అణగలేదంటే ఆసిలేటరు లేదు. పైసా ఖర్చులేని ఈ పరీక్ష కన్నా గొప్ప పరీక్ష రేడియో రిపేరులో మరొకటి లేదు.

మీటరుతో చూడాలంటే వాల్వు సెట్లో ఆసిలేటర్ గ్రిడ్ రెసిస్టెన్సు, సాధారణంగా 47 కిలో ఓమ్‌లు, దాని మీద ఎనిమిది నుంచి పది ఓల్టుల మైనస్ ఉండాలి. లేకపోతే ఆట లేదు. సిలికాన్ ట్రాన్సిస్టర్ సెట్లో బేస్, ఎమిటర్ మధ్య మామూలుగా 0.6 ఓల్టులు చూపించాలి. ఆసిలేటరు ఆడుతుంటే అంతకన్నా తక్కువ చూపిస్తుంది. గ్యాంగు ఆసిలేటర్ సెక్షన్‌ను వైరు ముక్కతో షార్టు చేస్తే ఎమిటర్ ఓల్టేజీ కొద్దిగా కదలాలి. కదలకపోతే అప్పటికే ఆగి ఉన్నట్టు.

ఆగడానికి కారణాలు కొన్నే. ఎర్ర తల ఆసిలేటర్ కాయిలు తీగ వెంట్రుక కన్నా సన్నం. సోల్డరింగులో పేస్టు ఎక్కువ పూసి తుడవకుండా వదిలేస్తే కృష్ణ ఒడ్డు చెమ్మకు అది పచ్చబడి, కాలి దగ్గర తీగను కొరికేస్తుంది. గ్యాంగు రేకులు వంగి ఒకచోట రాసుకున్నా ఆ ఒక్కచోటే ఆగిపోతుంది, తిప్పుతుంటే గరగర వినపడుతుంది. ఎమిటర్‌కు కలిపే 0.01 మైక్రోఫారడ్ డిస్క్ కండెన్సరు తెగినా అంతే. పసుపు, తెలుపు, నలుపు తలల ఐ.ఎఫ్.టి.ల అడుగున ఉండే చిన్న కండెన్సరు పాడైతే లక్షణం వేరు: స్టేషన్ ఉంటుంది, దాని మీద వర్షం పడుతున్నట్టు కరకర.

అలైన్‌మెంట్‌లో బెజవాడకు ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. స్టేషన్ దగ్గర్లోనే ఉండటంతో సిగ్నల్ మరీ బలం. బలమైన సిగ్నల్ మీద ఐ.ఎఫ్.టి. తలలు తిప్పితే శబ్దాన్ని దానంతటదే సర్దే ఎ.జి.సి. అన్నిటినీ ఒకే శబ్దానికి తెచ్చేస్తుంది, ఎక్కడ ఎక్కువో ఎక్కడ తక్కువో చెవికి తెలియదు. అందుకని సెట్టును తిప్పి ఫెర్రైట్ రాడ్ కొస స్టేషన్ దిక్కుకు పెట్టేవాళ్లు. రాడ్ కొస నుంచి సిగ్నల్ రాదు కాబట్టి స్టేషన్ నీరసంగా మారుతుంది, అప్పుడు తిప్పితే శిఖరం స్పష్టంగా దొరుకుతుంది. లేదంటే పగటిపూట సన్నగా వచ్చే 738 మీద చేసుకోవాలి. స్క్రూడ్రైవర్ ఇనపది కాకూడదు, కాయిల్ లోపలి కోరు దగ్గరికి వెళ్తేనే ట్యూనింగ్ మారిపోతుంది. స్వెట్టర్లు అల్లే ప్లాస్టిక్ పుల్లను కొసన అరగదీసి వాడేవాళ్లు.

వరస ఇది. మొదట ఐ.ఎఫ్., వెనక నుంచి ముందుకు: నలుపు, తెలుపు, పసుపు. తర్వాత డయలు కింది కొస 600 దగ్గర ఎర్ర తల కోరు తిప్పి స్టేషన్ తన అంకె మీదికి తేవాలి, ఫెర్రైట్ రాడ్ మీద కాయిల్ను జరిపి శబ్దం పెంచాలి. పై కొస 1400 దగ్గర అదే పని గ్యాంగు వెనకున్న ట్రిమ్మర్లనే చిన్న కండెన్సర్లతో. పైన సరిచేస్తే కింద కొంచెం చెడుతుంది, అందుకని కింద పైన రెండు మూడుసార్లు తిరగాలి. చివర్న ఐరన్ కొసతో కొవ్వొత్తి మైనం కరిగించి రాడ్ మీద కాయిల్ కదలకుండా ఒక్క చుక్క. ఆ చుక్క ఆరేదాకా సెట్టును కదపనివ్వరు. అంతసేపూ కూర్చుని చూసిన కుర్రాళ్లలో ఎంతమంది ఆ విద్య పట్టుకున్నారో!

ట్రాన్సిస్టర్లు ఇంటింటికీ వచ్చాక సెల్లుల ఖర్చు తట్టుకోలేక బ్యాటరీ ఎలిమినేటర్లు వచ్చాయి. మధ్య కాలుకు అటూ ఇటూ 9 ఓల్టులిచ్చే 9-0-9, 500 మిల్లీ ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మరు, రెండు 1ఎన్ 4007 డయోడ్లు, 1000 మైక్రోఫారడ్ కండెన్సరు. అంతే సరుకు, ఇరవై నిమిషాల పని. దీన్ని చులకనగా చూడటం వల్లే చాలా రేడియోలు పాడయ్యాయి. లోడు లేనప్పుడు 9 ఓల్టుల ఎ.సి. కండెన్సర్ మీద 12 ఓల్టుల డి.సి. అవుతుంది, మెయిన్స్ 245 ఉన్న రాత్రి ఇంకా ఎక్కువ. 6 ఓల్టుల సెట్టుకు అది పెడితే అవుట్‌పుట్ ఎ.సి. 128ల జత వేడెక్కి పోతుంది. పిన్ను మధ్యలో ప్లస్సా మైనస్సా చూడకుండా గుచ్చినా అదే గతి. సెట్టు లోపల వరసలో ఒక డయోడ్ పెడితే తిరగేసినా ప్రమాదం లేదు, 0.7 ఓల్టులు మాత్రం పోతాయి.

ఎలిమినేటరు మీద ఎక్కువమంది చేసే ఫిర్యాదు హమ్మింగు. స్టేషన్ లేని చోట సెట్టు నిశ్శబ్దంగా ఉంటుంది, స్టేషన్ మీదికి రాగానే బుయ్యిమంటుంది. కండెన్సరు 1000 తీసి 2200 వేసినా పోదు. ఎందుకంటే ఇది ఫిల్టరు లోపం కాదు. మెయిన్స్ తీగలు కూడా ఏరియల్ లాగే స్టేషన్‌ను పట్టుకుంటాయి. ఆ సిగ్నల్ ఎలిమినేటర్ గుండా వస్తుంటే డయోడ్లు సెకనుకు నూరుసార్లు దాన్ని కలుపుతూ తెంచుతూ ఉంటాయి. రేడియోకి చేరేసరికి స్టేషన్ మీదే నూరు సైకిళ్ల బుయ్యి ఎక్కి ఉంటుంది. మందు చాలా చిన్నది: ఒక్కో డయోడ్‌కు అడ్డంగా ఒక 0.01 మైక్రోఫారడ్ డిస్క్ కండెన్సరు. డిస్క్ మీద 103 అని ఉంటుంది. వేసిన క్షణంలో ఆ బుయ్యి మాయమవుతుంది.

షార్ట్‌వేవ్ వినేవాళ్లకు రెగ్యులేటర్ లేని ఎలిమినేటరు పనికిరాదు. శ్రీలంక హిందీ పాటల కోసం 25 మీటర్లు, 41 మీటర్ల మీద కూర్చునేవాళ్లు ఈ ఊళ్లో ఎందరో. డోలు మోగినప్పుడల్లా సెట్టు ఎక్కువ కరెంటు లాగుతుంది, ఓల్టేజీ దిగుతుంది, దాంతో ఆసిలేటరు కొద్దిగా జరుగుతుంది. మీడియం వేవ్‌లో ఆ జరుగుడు లెక్కలోకి రాదు, 12 మెగాహెర్ట్జ్ దగ్గర పాట వణుకుతుంది. 7806 గానీ 7809 గానీ ఒక్క రెగ్యులేటర్ ఐ.సి. వేస్తే నిలబడిపోయేది. ముందరి ఓల్టేజీ దానికన్నా రెండు మూడు ఓల్టులు ఎక్కువ ఉండాలి, లో ఓల్టేజీ వేళ కూడా. ఇది మరిచిపోయి 6 ఓల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌కు 7806 తగిలిస్తే సాయంత్రం కరెంటు డౌనవగానే హమ్మింగు తిరిగొస్తుంది.

ఆటోనగర్‌లో ఓల్టేజీ కథ వేరు. లారీలకు 24 ఓల్టులు, టేప్ రికార్డరుకు 12. రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి తీగ లాగేయడం అందరికీ తట్టే ఉపాయం, బ్యాటరీకి అంతకన్నా చేటు లేదు. టేపుకు కరెంటిచ్చే బ్యాటరీ రోజూ కొంచెం ఎక్కువ దిగుతుంది. డైనమో మాత్రం రెండింటికీ ఒకే ఛార్జింగ్ కరెంటు ఇస్తుంది. దిగింది ఎప్పటికీ నిండదు, నిండుగా ఉన్నది ఓవర్‌ఛార్జ్ అయి నీళ్లు తాగుతుంది, కొన్ని నెలల్లో రెండూ పోతాయి. సరైన పద్ధతి 2ఎన్ 3055 ట్రాన్సిస్టర్, 13 ఓల్టుల జీనర్ డయోడ్, మంచి హీట్‌సింక్. ఆంపియరు లాగితే 24 నుంచి 12కి దించేటప్పుడు 12 వాట్లు వేడిగా పోతాయి. హీట్‌సింక్ క్యాబిన్ లోపల కార్పెట్ కింద బిగిస్తే మే నెల ఎండలో ట్రాన్సిస్టర్ షార్టయి 24 ఓల్టులూ నేరుగా టేపులోకి పోతాయి. ఫ్యూజు తప్పనిసరిగా పెట్టాల్సింది అందుకే.

తర్వాత అమెరికా సామాన్ల కాలం. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కొడుకో కూతురో అమెరికాలో లేని ఊరు వెతికితే దొరకాలి. పెట్టెల్లో క్లాక్ రేడియోలు, డెక్కులు, రికార్డ్ ప్లేయర్లు వచ్చేవి. 120 ఓల్టులు, 60 సైకిల్సు. అందరూ ఓల్టేజీ చూసేవాళ్లు, పక్కనున్న 60ని చూసేవాళ్లు అరుదు.

స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొంటే ఓల్టేజీ సరిపోయింది. అయినా క్లాక్ రేడియో గంటకు పది నిమిషాలు వెనకబడేది. గడియారం మెయిన్స్ సైకిల్సునే లెక్కపెడుతుంది, 60 లెక్కపెట్టి సెకను అనుకుంటుంది, ఇక్కడ సెకనులో వచ్చేవి 50. కొన్ని గడియారపు ఐ.సి.ల్లో 50, 60 ఎంచుకునే కాలు ఉంటుంది. ఆ జంపరు మారిస్తే గడియారం దారిలో పడేది. లేనివాటికి మందు లేదు. రికార్డ్ ప్లేయరు 33⅓ బదులు 27.8 తిరుగుతుంది, ఏ పాటైనా నీరసంగా, మంద్రంగా వినపడుతుంది. మోటారు పుల్లీని ఆరింట ఒక వంతు లోటు తీరేలా లావు చేయించి తెచ్చుకున్నవాళ్లున్నారు. డి.సి. మోటారున్న క్యాసెట్ డెక్కులకు ఈ బాధ లేదు. బ్రష్షులుండే వాక్యూమ్ క్లీనర్లకూ లేదు.

కనపడని చేటు ట్రాన్స్‌ఫార్మర్లకు. 50 సైకిళ్లకు ట్రాన్స్‌ఫార్మర్ చుట్టేవాళ్ల లెక్క ఇది: 7ను కోరు వైశాల్యంతో, చదరపు అంగుళాల్లో, భాగిస్తే ఓల్టుకు ఎన్ని చుట్లో వస్తుంది. సెంటీమీటర్లలో అయితే 45. వంద వాట్ల కోరు దాదాపు 1.8 చదరపు అంగుళాలు, అంటే ఓల్టుకు 3.9 చుట్లు, 230కి తొమ్మిది వందలు. 60 సైకిళ్లకైతే ఆ 7 బదులు 5.8 చాలు, అందుకే అమెరికా ట్రాన్స్‌ఫార్మర్లో ఇనుమో చుట్లో తక్కువ ఉంటాయి. దాన్ని 50 మీద 120 ఓల్టులతో నడిపితే కోరులో అయస్కాంత ఫ్లక్స్ 20 శాతం పెరిగి, కోరు ఇక పట్టలేక సాచురేట్ అవుతుంది. గొణుగుతుంది, కాలుతుంది, కొన్నాళ్లకు ఎనామిల్ పోయి చుట్లు షార్టవుతాయి. దీనికి సరైన విరుగుడు ఓల్టేజీని కూడా అదే పాళ్లలో తగ్గించడం. 120ని 50తో గుణించి 60తో భాగిస్తే 100. స్టెప్‌డౌన్ మీద 110తో పాటు 100 ఓల్టుల ట్యాపింగ్ తీసి, అమెరికా సామానును దాని మీద నడపమని చెప్పే మెకానిక్కు బంగారం లాంటివాడు. సెట్టు పవర్ కాస్త తగ్గినా ఏళ్లపాటు నిలిచేది. జపాను సరుకు ఎలాగూ 100 ఓల్టులదే, పైగా టోక్యో వైపు 50, ఒసాకా వైపు 60 కాబట్టి చాలావాటి మీద 50, 60 రెండూ రాసి ఉండేవి.

స్టెప్‌డౌన్లు ఎక్కువగా ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు, ఒకే వైండింగు. 500 వాట్లు 110 మీద లాగితే 4.5 ఆంపియర్లు, మెయిన్స్ నుంచి 2.2. పై భాగంలో 2.2, కింది భాగంలో వాటి తేడా 2.3 మాత్రమే. అందుకే సన్న తీగతో, చిన్న కోరుతో పని జరుగుతుంది, ధర తక్కువ. కాని కింది భాగంలో తీగ తెగినా, కామన్ కాలు దగ్గర డ్రై సోల్డర్ అయినా సామాను మీదికి పై భాగం గుండా 230 నేరుగా వస్తుంది. రెండు వేరు వైండింగుల ట్రాన్స్‌ఫార్మర్లో ఇది జరగదు. ఖరీదైన డెక్కులకు రెండు వైండింగులదే చుట్టించుకోవాలి. అమెరికా ఎయిర్‌పోర్టుల్లో అమ్మే అరచేతిలో పట్టే 1600 వాట్ల కన్వర్టరును మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. అందులో ట్రాన్స్‌ఫార్మరే ఉండదు, వేవ్‌ను కోసి పంపుతుంది. ఇస్త్రీపెట్టెకు సరిపోతుంది, రేడియోకి పెట్టిన రోజే ఆఖరు.

మన కరెంటే అప్పట్లో కుదురుగా ఉండేదా? వేసవి సాయంత్రాలు కొన్ని వీధుల్లో 170కి పడిపోయేది, అర్ధరాత్రి దాటాక 250కి ఎక్కేది. ప్రతి ఇంట్లో టీవీ పక్కన, ఫ్రిజ్ మీద ఒక స్టెబిలైజరు. రిలేలు టకటకా కొట్టుకోవడం అందరికీ గుర్తుండే శబ్దం. అది చెడిపోయిన శబ్దం కాదు, రిలే పడే ఓల్టేజీకీ విడిచే ఓల్టేజీకీ మధ్య సర్క్యూట్లో ఎడం లేకపోవడం. రిలే పడగానే లోడు మారి ఓల్టేజీ రెండు మూడు ఓల్టులు కదులుతుంది, అంతలోనే ఓల్టేజీని పోల్చి చూసే కంపారేటరు మనసు మార్చుకుంటుంది. ఆ కంపారేటరుగా ఉండే 741 ఐ.సి. అవుట్‌పుట్ నుంచి ప్లస్ కాలికి ఒక మెగా ఓమ్ రెసిస్టెన్సు వేస్తే ఎడం వచ్చి సద్దుమణుగుతుంది. వెయ్యకుండా వదిలేస్తే రిలే కాంటాక్టులు కాలి అతుక్కుపోతాయి, 170 ఉన్నప్పుడు పెంచి ఇచ్చే ట్యాపింగ్ మీదే ఉండిపోయిన స్టెబిలైజరు అర్ధరాత్రి 250ని ఇంకా పెంచి ఇస్తుంది. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిన రోజు ఏ స్టెబిలైజరూ కాపాడలేదు. ఇంట్లోకి 300, 350 వచ్చేస్తాయి.

కంప్యూటర్లు వచ్చాక ఇళ్లలోకి, ఆఫీసుల్లోకి సి.వి.టి., అంటే స్థిర ఓల్టేజీ ట్రాన్స్‌ఫార్మరు, వచ్చింది. కదిలే భాగం ఒక్కటీ లేదు, కోరును కావాలనే సాచురేట్ చేసి కండెన్సరుతో రెసొనెన్స్‌లో పెడతారు. 170 వచ్చినా 260 వచ్చినా అవుట్‌పుట్ దాదాపు కదలదు. వేడెక్కుతుంది, హోరు పెడుతుంది, కండెన్సరు ముసలిదైతే ఓల్టేజీ తగ్గుతుంది. అయితే రెసొనెన్స్ కాబట్టి ఇది ఫ్రీక్వెన్సీకి లొంగిపోతుంది. సైకిల్సు ఒక శాతం తగ్గితే అవుట్‌పుట్ ఒకటిన్నర శాతం దాకా తగ్గుతుంది. 1990ల్లో దక్షిణాది గ్రిడ్డు 48.5 దగ్గరికి, ఒక్కోసారి అంతకన్నా కిందికి దిగేది. పవర్ మంచిగున్నా సి.వి.టి. 220 లోపు చూపిస్తోందని కొత్త కండెన్సర్లు వేసినవాళ్లున్నారు. కండెన్సరు తప్పేమీ లేదు.

ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం మొదటి యూనిట్ 1979లో వచ్చింది, చిమ్నీలు హైవే మీద నుంచి కనపడుతూనే ఉంటాయి. అంత దగ్గర ఉన్నా బెజవాడకు 50 సైకిల్సు ప్రత్యేకంగా రావు. ఓల్టేజీ వీధి ట్రాన్స్‌ఫార్మర్‌ను బట్టి, తీగ పొడవును బట్టి, పక్కింటి ఏ.సి.ని బట్టి మారుతుంది. ఫ్రీక్వెన్సీ మాత్రం గ్రిడ్డు మొత్తానికీ ఒక్కటే, బెజవాడలో ఎంతో బెంగుళూరులోనూ అంతే. 2003 జనవరిలో దక్షిణాదిలో ఎ.బి.టి. (అవైలబిలిటీ బేస్డ్ టారిఫ్) పద్ధతి వచ్చి, ఫ్రీక్వెన్సీని బట్టి కరెంటుకు రేటు మారడం మొదలయ్యాక సైకిల్సు కుదుటపడ్డాయి.

కోతల రోజుల్లో కుర్రాళ్లు సొంతంగా కట్టిన ఇన్వర్టర్లతో సైకిల్సు మొదటిసారి మన చేతిలోకి వచ్చాయి. సి.డి. 4047 ఐ.సి., 1, 3 కాళ్ల మధ్య కండెన్సరు, 2, 3 కాళ్ల మధ్య రెసిస్టెన్సు, 10, 11 కాళ్ల నుంచి మోస్‌ఫెట్ ట్రాన్సిస్టర్లకు. ఒక సైకిల్ కాలం 4.4ను ఆ రెసిస్టెన్సుతో, ఆ కండెన్సరు విలువతో గుణించినంత. 0.1 మైక్రోఫారడ్ వేస్తే 50కి 45.5 కిలో ఓమ్‌లు, అంటే 33 వేసి వరసలో తిప్పి సరిచేసుకునే 22 ప్రీసెట్. కండెన్సరు పాలియెస్టరే కావాలి, డిస్క్ వేస్తే ఎండకు విలువ మారి ఫ్యాను గొంతు మారుతుంది. 12 ఓల్టుల బ్యాటరీకి ట్రాన్స్‌ఫార్మరు 9-0-9 ఎందుకంటే మోస్‌ఫెట్లలో, తీగల్లో కొంత, బ్యాటరీ దిగినప్పుడు ఇంకొంత పోతుంది కాబట్టి. 12-0-12 పెట్టి 180 ఓల్టులే వస్తున్నాయని తలపట్టుకునేవాళ్లు చాలామంది. మామూలు మీటరు స్క్వేర్ వేవ్‌ను 11 శాతం ఎక్కువ చూపిస్తుంది. మీటర్లో 230 కనపడితే నిజానికి 207.

ఫ్రీక్వెన్సీ మీటరు లేకుండా 50కి ఎలా కుదర్చాలి? ఇందులో రేడియో విద్యే పనికొచ్చేది. రెండు చిన్న 6 ఓల్టుల ట్రాన్స్‌ఫార్మర్లు, ఒకటి మెయిన్స్ మీద, ఒకటి ఇన్వర్టర్ మీద. వాటి సెకండరీలు వరసలో కలిపి 12 ఓల్టుల బల్బు పెడితే బల్బు వెలిగి ఆరుతూ ఊగుతుంది. సెకనుకు ఎన్నిసార్లు ఊగితే అన్ని సైకిళ్ల తేడా. ప్రీసెట్ తిప్పుతూ ఆ ఊపు నెమ్మదించి దాదాపు నిలిచిపోయే దాకా తేవాలి. రేడియోలో 1292 లోంచి 837 పోయి 455 మిగిలినట్టే ఇక్కడ బల్బులో తేడా కళ్లకు కనపడుతుంది. గ్రిడ్డు 48.5 ఉన్న వేళ చేస్తే ఇన్వర్టరూ అక్కడే కుదురుతుంది, కాబట్టి ఈ పని రాత్రి బాగా పొద్దుపోయాక చేసేవాళ్లు.

మేడల మీద డిష్షులు లేచాక ఈ రెండు మార్పులూ ఒకే తీగలోకి వచ్చాయి. డిష్ ముందు బిగించే సి-బ్యాండ్ ఎల్.ఎన్.బి.లో ఆసిలేటరు 5150 మెగాహెర్ట్జ్ మీద ఉంటుంది. పైనుంచి 3700 నుంచి 4200 దాకా వచ్చే సిగ్నల్‌ను దానితో కలిపితే తేడా 1450 నుంచి 950 దాకా. ఆ ఫ్రీక్వెన్సీ అయితే మామూలు కేబుల్లో దిగివస్తుంది. పైన 3700 ఉన్నది కింద 1450 అవుతుంది, 4200 ఉన్నది 950 అవుతుంది, అంటే వరస తిరగబడుతుంది. అదే కేబుల్లో కింద నుంచి పైకి డి.సి. పోతుంది. తర్వాత వచ్చిన ఎల్.ఎన్.బి.ల్లో 13 ఓల్టులు పంపితే వర్టికల్ (నిలువు తరంగాల) ఛానళ్లు, 18 పంపితే హారిజాంటల్ (అడ్డు తరంగాల) ఛానళ్లు. హారిజాంటల్ ఛానళ్లు ఒక్కటీ రాక, వర్టికల్‌వి రెండేసిసార్లు కనపడుతున్నాయంటే డిష్ తిప్పనక్కర్లేదు, ఎల్.ఎన్.బి. మార్చనక్కర్లేదు. రిసీవర్ 18 పంపుతోంది, పొడవాటి నాసి కేబుల్లో, వాన నీరు దిగి తుప్పుపట్టిన కనెక్టర్లో మూడు నాలుగు ఓల్టులు పోయి పైన 14కి తగ్గాయి, ఎల్.ఎన్.బి. దాన్ని 13గానే తీసుకుంది. మేడెక్కి కనెక్టరు ఊడదీసి, నల్లబడిన రాగి కోసి పారేసి, కొత్త కనెక్టరు బిగించి పైన ఇన్సులేషన్ టేపు గట్టిగా చుట్టాలి. ఎల్.ఎన్.బి. దగ్గర కేబుల్‌ను కిందికి ఒక వంపు తిప్పి బిగిస్తే వాన నీరు కనెక్టర్లోకి పోకుండా ఆ వంపు దగ్గరే కారిపోతుంది.